చప్పుడు తీసేసిన తుపాకులు

నమోదు 61

వాగులో నీళ్ళు తగ్గి చక్రం నెమ్మదించింది. దాంతో నడిచే, ఇనుము చెక్కే లేత్ సగం జోరుతోనే తిరుగుతోంది. ఉదయమంతా మంచినీళ్ళ గొట్టానికి ఒక కీలు చెయ్యడంతోనే సరిపోయింది.

మధ్యాహ్నం లోవతల్లి తన రైఫిల్ తెచ్చి బల్ల మీద పెట్టింది. మా ఊరు ఎగువమెట్ట వేట జట్టులో వయసులో అందరికన్నా చిన్నది. మనిషి కూడా పొట్టి. రైఫిల్ నిలబెడితే దాని మూతి ఆమె చుబుకం దాకా వస్తుంది. గొట్టం చివర చుట్టూ పచ్చగా వెదురు గీతలు పడి ఉన్నాయి.

"అక్కా, దీన్ని కొయ్యి," అంది.

"ఎంత?"

"ఇక్కడికి." గొట్టం మీద మధ్యకు కాస్త పైగా వేలు పెట్టి చూపించింది. "నిన్న పొదలో దున్న నాకేసి తిరిగింది. నేను ఇటు తిప్పేలోపు గొట్టం బొంగుల మధ్య ఇరుక్కుపోయింది. లాగుతుంటే రాదు. అదేమో చూత్తా నిలబడింది. దానికి జాలేసి వదిలేసినట్టుంది నన్ను."

నవ్వుతూనే చెప్పింది. చూపించిన చోటు నుంచి వేలు మాత్రం తియ్యలేదు.

జట్టుకున్న ఏడు రైఫిళ్ళూ ఒకప్పుడు ఫారం కాపలావాళ్ళవి. సముద్రం పైకి రాకముందు మైదానంలో మాంసం కోసం దున్నల్ని షెడ్లలో పెంచేవారు. ఎంత మేస్తే అంత పెరిగేలా పుట్టించిన దున్నలు. వాటికి పెరగడం ఆగదు. షెడ్డు తప్పించుకుపోయినదాన్ని దూరం నుంచే పడగొట్టాలని కాపలావాళ్ళకు ఇంత పొడుగు తుపాకులిచ్చారు. నీళ్ళు వచ్చినప్పుడు ఎవరో గేట్లు తీసేశారు. ఫారందున్నలూ కొండెక్కాయి, మా తాతలూ ఎక్కారు. కొండ మీద దూరం అనేది లేదు. వెదురు పొదలో దున్న కంటపడిందంటే అప్పటికే దాని ఊపిరి మన మొహానికి తగులుతూ ఉంటుంది.

"కోత్తే మోత పెరుగుద్ది," అన్నాను. "మంట కూడా బయటికి కొడద్ది. ఇప్పటికే మీ చెవులు పోతున్నాయి."

"మోత తగ్గించే దారి లేదా?"

ఉంది. చాలాకాలంగా నా బుర్రలో తిరుగుతున్నదే అది. ఊరి సంఘాన్ని అడగకుండా ఆమెకు ఆశపెట్టడం ఇష్టంలేక, చూద్దాంలే అన్నాను.

నమోదు 62

మా ఆయన నూకరాజు వేట జట్టుకు పెద్ద. కుడి భుజానికి ఆనించి కొట్టేవాళ్ళకు ముందు ఎడమ చెవి పోతుంది, మోత ఆ పక్కనే తగులుతుంది కాబట్టి. ఆయనకు ఎడమది పూర్తిగా పోయింది. కుడిదాంట్లో సగం మిగిలింది. జట్టులో మిగతావాళ్ళూ కొంచెం ముందూ వెనకగా అదే దారిలో ఉన్నారు. చెవుల్లో మైనం పెట్టుకుని వెళ్ళమంటే కుదరదంటారు. పొదలో దున్నని కళ్ళకన్నా ముందు చెవులే పట్టుకోవాలి.

ఈ రోజు సంఘం కూర్చుంది. గొట్టాలు పొట్టిగా కోసి, చివర సైలెన్సర్లు బిగిస్తానని చెప్పాను.

"సైలెన్సరు మా తాత మోటారుసైకిలుకి ఉండేదిగా," అన్నాడు సత్తిరాజు. ఆయన లోవతల్లి తండ్రి. కర్రపెండలం చేను ఆయన చేతికిందే ఉంటుంది. "తుపాకికి కూడా ఎడతారా?"

"పని అదే మావయ్యా. లోపల్నుంచి దూసుకొచ్చే గాలిని అరల్లో పట్టి నెమ్మదిగా వదులుద్ది."

"మరి కొయ్యడం ఎందుకు? ఊరికే బిగిత్తే పోదా?"

"ఇప్పుడున్న పొడుక్కి అది కూడా తోడైతే అడవిలో మొయ్యడానికి ఇద్దరు కావాలి."

అందరూ నవ్వారు. సంఘం పెద్ద మరిడమ్మగారు మాత్రం నూకరాజును చూస్తూ కూర్చున్నారు. మా మాటలేవీ ఆయనకు సరిగ్గా అందడం లేదు. అందరూ నవ్వారు కాబట్టి తనూ నవ్వాడు.

"మోత తగ్గితే వాళ్ళ చెవులు నిలబడతాయి," అన్నారామె. "దున్నలూ బెదరవు, కాబట్టి మాంసం కుదురుగా దొరుకుద్ది. నష్టమేంటి? ఎవరికైనా తోత్తే చెప్పండి."

ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

నమోదు 66

మొదట మా ఆయన రైఫిలే కోశాను. పాడైతే మా ఇంటిదే పాడవనీ అనుకున్నాను.

రంపం పెట్టే ముందు కాసేపు ఆగాను. ఇలాంటి ఉక్కు ఇప్పుడు ఎక్కడా చెయ్యరు. చేసిన పని నచ్చకపోతే చక్రాన్నైనా, నీళ్ళ గొట్టాన్నైనా మళ్ళీ చెయ్యొచ్చు. దీన్ని మాత్రం కోస్తే కోసినట్టే. ముక్క తెగి కింద పడ్డాక ఇంకేం ఆలోచించలేదు. కోసిన మూతిని లేత్ మీద చదును చేసి, లోపలి అంచు నున్నగా తీశాను. అక్కడ వెంట్రుకంత గరుకు మిగిలినా తూటా పక్కకు పోతుంది.

సైలెన్సర్‌తో మాత్రం చాలా తంటాలు పడ్డాను. మొదటిది కొద్దిగా వంకరగా కూర్చుంది, తూటా దానికే తగిలి ముక్కలైంది. రైఫిల్‌ను బల్లకు కట్టేసి, ట్రిగ్గర్‌కు తాడు కట్టి గోడవతల నుంచి లాగాను కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఇనప ముక్కలు మాత్రం పైకప్పు పెంకుల్లోంచి ఏరాల్సి వచ్చింది. రెండోది తిన్నగా కూర్చుంది.

తర్వాత నూకరాజు వాగు ఒడ్డున నిలబడి ఎండిన మానుకేసి కొట్టాడు. చప్పుడు పూర్తిగా పోలేదు. తూటా గాల్లో పోతూ చేసే చెళ్ళుమనే శబ్దం అలాగే ఉంది. గుండె మీద గుద్దినట్టుండే ఆ పెద్ద మోత మాత్రం లేదు. చెళ్ళుమన్నది కూడా ఎటునుంచి వచ్చిందో చెప్పలేం. ఆకాశంలో ఎక్కడో ఎవరో కొరడా విదిల్చినట్టుంది.

ఆయన తుపాకి దించి అలాగే నిలబడిపోయాడు.

"ఏంటి మావా, బాలేదా?" అన్నాను.

ఆయన నాకేసి తిరిగాడు. "కొట్టాక నీ మాట ఇనపడింది," అన్నాడు. "కొట్టాక నాకు సాయంత్రం దాకా ఎవరి మాటా ఇనపడేది కాదే, వేణీ."

మిగతా ఆరూ వారం తిరక్కుండా పూర్తి చేస్తానని సంఘానికి చెప్పాను.

నమోదు 73

ఏడూ అయ్యాయి. కోసిన ముక్కల్లో రెండింటితో పంపుకు ఇరుసులు చేశాను. మంచి ఉక్కు.

వేట ఎప్పుడూ లేనంత తేలికైంది. లోవతల్లి రైఫిల్ శుభ్రం చేయించుకోడానికి వచ్చి కొండ మీది కబుర్లు చెప్పింది.

"ఎర్రగట్టు అవతల మంద మేత్తంది అక్కా. ఒకదాన్ని కొట్టాను. పడింది. ఇదివరకైతే ఆ మోతకి మందంతా మనకి దూరంగా అవతలి లోయలోకి పరిగెట్టేది. ఇప్పుడు పక్కది వచ్చి పడినదాన్ని వాసన చూసింది. మళ్ళీ మేత మొదలెట్టింది. ఏం జరిగిందో వాటికి తెలీడంలేదు."

"నీకెలా అనిపించింది?"

"మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత బాలేదు."

మాంసం అవసరానికి మించి వచ్చింది. మరిడమ్మగారు ఎండబెట్టడానికి చోటు లేదని వేట ఆపించి, చోటు ఖాళీ అయ్యాక మళ్ళీ మొదలుపెట్టించారు. ఏటవతలి పల్లెవాళ్ళు మా సైలెన్సర్లు చూసి, తమకూ చేసిపెట్టమని అడిగి వెళ్ళారు.

ఇంట్లో నూకరాజు వాన చప్పుడు విన్నానన్నాడు. పోయిన చెవి తిరిగి రాదు. ఉన్నది ఉన్నట్టు నిలబడింది, అంతే. ఆ మాట నేను ఆయనతో అనలేదు.

నమోదు 79

మంచినీళ్ళ గొట్టం మళ్ళీ విరిగింది. ఈసారి కీలు కాదు, గొట్టమే నలిగిపోయింది. మీద దున్న అడుగు పడింది. గొట్టం పక్కనే పచ్చి పేడ ఉంది.

దాన్ని సరిచేయడానికి నూకరాజు నాతో వచ్చాడు. నేను చూశాక కూడా ఆయన ఆ పేడకేసే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంత కిందికి ఎప్పుడూ దిగలేదు," అన్నాడు.

"కొండ మీద మేత అయిపోయిందేమో."

"మేతకేం కరువు? నడుం దాకా ఉంది గడ్డి." గట్టుకేసి చూశాడు. "మా తాతల కాలంలో గట్టు దాటి వచ్చేవంట. నా ఎరికలో మాత్రం దాటలేదు."

కంచె కట్టమని సంఘానికి చెబుదామన్నాను. ఫారందున్నని ఆపే కంచె కట్టాలంటే అడవిలో సగం నరకాలన్నాడు. గొట్టాన్ని ఈసారి నేలలో లోతుగా పాతిపెట్టాం.

నమోదు 84

సత్తిరాజు మావయ్య చనిపోయారు.

పొద్దున్న ఆయనా, ఇద్దరు ఆడవాళ్ళూ చేలో కర్రపెండలం తవ్వుతున్నారు. అదే సమయంలో జట్టు గట్టు మీద ఉంది. లోవతల్లి ఒక దున్నని కొట్టింది. తగలాల్సిన చోట తగల్లేదు, తొడలో దిగింది. దెబ్బ ఎటునుంచి వచ్చిందో తెలియని దున్న నొప్పికి కళ్ళు కనపడకుండా పరిగెత్తింది. దాని వెనక నాలుగైదు పరిగెత్తాయి. అవతలి లోయకు కాదు, ఇటు, చేనుకేసి.

ఇదివరకైతే గట్టు మీద తుపాకి మోగగానే చేలో ఉన్నవాళ్ళు గునపాలు వదిలేసి రాళ్ళ మీదికి ఎక్కేవారు. ఎవరూ నేర్పింది కాదు, తాతల కాలం నుంచి వచ్చిన అలవాటు. ఇవాళ వాళ్ళకు ఆ మోత వినపడలేదు. చెళ్ళుమన్న శబ్దం మాత్రం విన్నామని, ఎండకు వెదురు పగిలిందనుకున్నామని ఆడవాళ్ళిద్దరూ చెప్పారు. వాళ్ళు చేను అంచున ఉన్నారు కాబట్టి తప్పించుకున్నారు. మావయ్య మధ్యలో వంగి ఉన్నారు.

మధ్యాహ్నం ఆయన గునపం నా దగ్గరికి తెచ్చారు. వంగిపోయింది. ఎందుకు తెచ్చారో తెచ్చినవాళ్ళకే తెలియదు. కొలిమిలో పెట్టి సరిచేసి ఇచ్చాను.

నమోదు 85

ఈ రోజు లోవతల్లి వర్క్‌షాపుకు వచ్చింది. రైఫిల్ బల్ల మీద పెట్టి స్టూలు మీద కూర్చుంది. లేత్ ఆపాను.

"తీసెయ్యి," అంది.

సైలెన్సర్ విప్పి పక్కన పెట్టాను. అది చుట్లు తిప్పి విప్పేస్తే వచ్చేస్తుంది. గొట్టం పొట్టిగా, బోడిగా మిగిలింది.

"ఇంకో రైఫిల్ ఏదైనా పొడుగుది ఉంచావా?"

"లేదమ్మా. ఏడూ కోసేశాను."

"కోయించింది నేనే." ఆమె ఏడవలేదు. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు వాచి ఉన్నాయి. "నేను సరిగా కొట్టుంటే పడేది కదక్కా."

"పడేది. ఇంకోరోజు ఇంకెవరో సరిగా కొట్టరు. అందరూ ప్రతిసారీ సరిగా కొట్టరుగా."

"అయితే తప్పు తుపాకిదా?"

నిన్నటి నుంచి నాలో నేను అనుకుంటున్నదే చెప్పాను. గట్టు మీద మోగిన మోతే ఇన్నేళ్ళూ మనకు కంచె. మోగిన ప్రతిసారీ మందలో ఒకటి పడేది. మోతా చావూ ఒకేచోట నుంచి వస్తాయని దున్నలు తమ పిల్లలకు నేర్పాయి. మోత వచ్చే వైపు వెళ్ళకూడదని నేర్పాయి. మనం చావును అలాగే ఉంచి మోతను తీసేశాం. అక్కడితో వాటి చదువు ఆగిపోయింది. ఇటువైపు భయపడాల్సిందేమీ లేదని కొత్తగా నేర్చుకుంటున్నాయి.

లోవతల్లి మొత్తం వింది. "అయితే మళ్ళీ మోగిద్దాం," అంది.

నమోదు 88

సంఘం మొదట తుపాకుల్ని బోడిగా మోగించడానికి ఒప్పుకోలేదు. పొట్టి గొట్టం మోత మునుపటికన్నా ఎక్కువ. జట్టులో మిగిలిన చెవులు ఒక్క వానాకాలంలో పోతాయి. అందుకని గట్టు పొడవునా కుండల్లో మందు కూరి పేల్చాం. ఇనప రేకులు కట్టి వాయించాం.

మొదట్లో దున్నలు పారిపోయాయి. అందరూ సంతోషించారు. కుండలు పేలుతున్న కొద్దీ తక్కువ దూరం పారిపోవడం మొదలుపెట్టాయి. తర్వాత తలెత్తి చూసి ఊరుకున్నాయి.

ఈ రోజు పేలని కుండ ఒకటి చూడ్డానికి నేనే గట్టెక్కాను. అప్పటికే అక్కడ ఒక ముసలి ఆడదున్న నిలబడి ఉంది. మందకు పెద్దది. దాని వీపు నా తలకన్నా ఎత్తు. కుండను మూతితో దొర్లించి వాసన చూసింది. నన్నూ చూసింది. తర్వాత తిరిగి, తన దారిన తాను వెళ్ళింది. దాని వెనకే మందంతా వెళ్ళింది. తొందరేమీ లేదు.

ఉత్త చప్పుడుకు ఏమీ పడదని అది మందకు నేర్పేసింది.

నమోదు 91

ఎవరికీ చెప్పకుండా లోవతల్లి చెవుల్లో మైనం పెట్టుకుని, బోడి రైఫిల్ పట్టుకుని ఒంటరిగా గట్టెక్కింది. ఎదురుగా ఉన్నదాన్ని కొట్టింది. పడింది. ఆ మోత ఊరంతా వినపడింది. నేను బల్ల దగ్గర ఉలిక్కిపడ్డాను.

ఆమెకు వినపడనిది పక్క పొదలోంచి వచ్చిన రెండోది. అది కొమ్ముతో ఎత్తి పడేసింది. ఎడమ తొడ ఎముక విరిగింది. మోత విని జట్టు పరిగెత్తి వెళ్ళింది కాబట్టి ప్రాణంతో దొరికింది.

వెదురు బద్దలు తగినట్టు చీల్చి కట్టు కట్టడానికి నన్ను పిలిచారు. కడుతుంటే ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"మంద ఎటెళ్ళింది?"

"అవతలి లోయకి."

"గట్టు దాటలేదా?"

"దాటలేదు."

కళ్ళు మూసుకుంది.

నమోదు 93

నూకరాజు పొద్దున్నే తన రైఫిల్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"విప్పెయ్యి," అన్నాడు.

"ఎందుకు?"

"నా చెవులు ఎలాగూ పోయినయ్యే. ఉన్నవాళ్ళవి పోగొట్టడం ఎందుకు? నేను మోగిత్తాను. మిగతావాళ్ళు మాంసానికి ఎల్లినప్పుడు సైలెన్సర్లతో ఎల్తారు."

నాకు చాలా కోపం వచ్చింది. ఆ సగం చెవి కోసమే నేను ఏడు రైఫిళ్ళు కోశాను. ఇప్పుడు దాన్ని తనే తీసుకెళ్ళి గట్టు మీద పారేస్తానంటున్నాడు. ఆయన కుడిపక్కకు వెళ్ళి గట్టిగానే అన్నాను.

"సగం ఉంది. దాంతోనే మనం మాట్లాడుకుంటున్నాం. అది కూడా పోతే?"

"చేతుల్తో మాట్లాడుకుందాం."

"లోవతల్లికి చెవులు మూత్తే ఏమైందో చూశావుగా. నీకు మూయక్కర్లేకుండానే ఇనపడదు. పక్కనుంచి వత్తే నీకెవడు చెప్తాడు?"

ఆయన రైఫిల్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఎక్కడా ఒప్పుకోడు, అలాగని వదిలిపెట్టి వెళ్ళడు. నేను లేత్ తిప్పాను. రెండు ఇరుసులు చేసేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు.

మూడోది బిగిస్తూ ఆపేశాను. ఎవడు చెప్తాడు అని అడిగింది నేనే. నాకు రెండు చెవులూ బాగున్నాయి. లేత్ మీద పళ్ళచక్రం ఒక్క పన్ను అరిగినా ఈ గది అవతల నుంచి చెప్పగలను.

మూలనున్న నులక తాడు చుట్ట తీసి, ఒక కొస ఆయన ఎడమ మోచేతికి కట్టాను. ఆయన ఏంటని అడగలేదు. ఒకటంటే ఎడమ, రెండంటే కుడి, వదలకుండా లాగితే ఎదురుగా అని సైగ చేసి, రెండో కొస పట్టుకుని వాకిట్లోకి, అక్కణ్ణుంచి చింతచెట్టు దాకా వెళ్ళాను. ఆయన నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఒకసారి లాగాను. ఎడమకు తిరిగాడు. రెండుసార్లు లాగాను. కుడికి తిరిగాడు. లాగి పట్టుకుని వదల్లేదు. రెండు చేతులూ పైకెత్తి ఎదురుగా ఉన్న గోడకు గురిపెట్టాడు.

సాయంత్రం దాకా అదే ఆడాం. పొలం నుంచి వచ్చేవాళ్ళు మాకు పిచ్చెక్కిందనుకున్నారు. తర్వాత మరిడమ్మగారు వచ్చి, ఒక మూల కూర్చుని చూశారు.

"ఆ ముసలి దున్నని మాత్రం కొట్టొద్దు," అన్నాడు నూకరాజు ఆమెతో. "దాని పక్కదాన్ని కొట్టాలి. పెద్దది బతికుంటేనే మిగతావాటికి చెప్పుద్ది."

"నువ్వెక్కడ నిలబడతావే?" అని ఆమె నన్ను అడిగారు.

"తాడు అందినంత ఎనక్కి, రాయి చాటున."

"చెవులు మూసుకో."

"తాడు పట్టుకోడానికి చేతులు కావాలి పెద్దమ్మా. వినడానికి చెవులూ కావాలి."

ఆమె వెళుతూ, గుమ్మం దగ్గర నా తల మీద చెయ్యి వేసి వెళ్ళారు. నేను రైఫిల్ తీసుకుని సైలెన్సర్ విప్పాను.

నమోదు 94

సూర్యుడు బాగా పైకి వచ్చాక బయలుదేరాం. మంచు ఉంటే శబ్దం దారి తప్పుతుందని నూకరాజు ఆగమన్నాడు. ఎర్రగట్టు మీద మెడలా పల్లంగా ఉండే చోటు ఒకటుంది. మంద దిగేది అక్కణ్ణుంచే. ఆయన పొద అంచున కూర్చున్నాడు. నేను తాడు పొడవంతా వెనక్కి వచ్చి, నా ఎత్తు రాయి పక్కన నిలబడ్డాను.

అడవిలో అంతసేపు ఊరికే వింటూ నేనెప్పుడూ నిలబడలేదు. మొదట అంతా ఒకే గోలలా ఉంది. కాసేపటికి విడివిడిగా వినపడసాగాయి. గాలికి కదిలే వెదురు ఒక రకం. దేనికో రాసుకుని కదిలే వెదురు ఇంకో రకం. అది వంగుతుంది, వెంటనే తిరిగి రాదు.

ఎదురుగా మంద వస్తోంది. తాడు లాగి పట్టుకున్నాను. నూకరాజు తుపాకి ఎత్తాడు. ముందు ముసలిదే బయటికి వచ్చింది. ఆయన కొట్టలేదు. దాని వెనక ఒక కుర్ర మగదున్న తల బయటపెట్టింది. ఆయన భుజం బిగుసుకోవడం నాకు కనపడింది.

సరిగ్గా అప్పుడు ఎడమ పక్క నుంచి ఊపిరి వినపడింది. అడుగులు కాదు. పెద్ద ముక్కు ఒక్కసారి గాలి వదిలిన చప్పుడు. ఆయనకు రెండు బారల దూరంలో కూడా లేదు.

ఒకసారి లాగాను. చాలా గట్టిగా లాగాను.

ఆయన గురి ఎదుటి దున్న మీద ఉంది. అది తనకేసే చూస్తోంది. దాన్నుంచి కళ్ళు తిప్పడమంటే ప్రాణం వదులుకోవడమే అనిపించాలి ఎవరికైనా. నూకరాజు వెనక్కి చూడలేదు, ఆలోచించలేదు. తాడు లాగిన వైపుకు మొత్తం మనిషి తిరిగిపోయాడు. పొదలోంచి తల బయటికి రావడం, ఆయన కొట్టడం ఒకేసారి జరిగాయి. గొట్టం పొట్టిది కాబట్టి ఏ బొంగుకూ తగల్లేదు.

మోత నాకు శబ్దంలా రాలేదు. రాయి నన్ను కొట్టినట్టుగా వచ్చింది. ఎడమ పక్కన ప్రపంచం మూసుకుపోయింది. దున్న ముందుకాళ్ళ మీద కూలబడి, ఆయన పాదాల ముందు దాకా జారి ఆగింది.

ముసలిది కదల్లేదు. పడినదాన్ని చూసింది. నూకరాజును చూసింది. దాని చెవులు రెండూ ముందుకు వచ్చాయి. అప్పుడు అది తల తిప్పి, నాకు వినపడని అరుపేదో అరిచింది. మంద మొత్తం ఒక్కసారిగా వెనక్కి మళ్ళింది. అవతలి లోయ వైపు వెదురంతా వంగి లేచింది. దుమ్ము తగ్గేదాకా నేను తాడు వదల్లేదు.

నూకరాజు లేచి నా దగ్గరికి వచ్చాడు. ఏదో అడిగాడు. ఆయన పెదాలు కదిలాయి, నాకు వినపడలేదు. నేను జవాబిచ్చాను, ఆయనకు వినపడలేదు. ఇద్దరికీ ఒకేసారి అర్థమై నవ్వొచ్చింది. తాడు ముడి విప్పుదామంటే ఆయన మోచేతికి బిగుసుకుపోయింది. కత్తితో కోయాల్సి వచ్చింది. కింద చర్మం లేచిపోయి ఉంది.

కిందికి దిగేటప్పటికి చేలో ఉన్నవాళ్ళంతా రాళ్ళ మీద ఉన్నారు. మమ్మల్ని చూసి ఒక్కొక్కరే దిగారు. లోవతల్లిని మంచంతో సహా అరుగు మీదికి తెచ్చి పడుకోబెట్టారు. ఆమె ఏమందో నాకు సగమే తెలిసింది. "ఇనపడింది, అక్కా," అని ఉంటుంది.

ఇంటికి వచ్చాక లేత్ తిప్పి చూశాను. కుడి చెవికి పళ్ళచక్రాలు మామూలుగానే వినపడుతున్నాయి. ఎడమ చెవిలో ఈల ఇంకా ఆగలేదు. ముసలిదానికి మర్చిపోయే వీలివ్వకూడదు కాబట్టి ఎల్లుండి మళ్ళీ వెళ్ళాలి. ఈసారి కుడి చెవికి మోత నేరుగా తగలకుండా, రాయికి అవతలి పక్కన, ఇటు తిరిగి నిలబడతాను.